అరువు సెట్టింగులు బరువు చేటు

ప్రశ్న: హన్మకొండల ఒక డిగ్రీ కాలేజీల కంప్యూటర్ సైన్స్ చెప్త. మా ల్యాబ్‌ల 24 విండోస్ మిషన్లు, 6 ఉబుంటు 22.04 మిషన్లు ఉన్నయి. పిల్లలందరూ ‘స్టూడెంట్’ అనే ఒకటే లాగిన్ వాడుతరు. గిట్ (ఫైళ్లల్ల ఎవరు ఏం మార్చిన్రో లెక్క ఉంచే సాఫ్ట్‌వేర్) నేర్పిద్దామని హైదరాబాద్‌ల ఉద్యోగం చేస్తున్న మా పాత విద్యార్థిని అడిగితే తన కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్ పంపిండు, దాదాపు 60 లైన్లు. అన్ని మిషన్లల్ల కాపీ చేసిన. ఇప్పుడు ఎవరు కమిట్ చేసినా (మార్పును గిట్‌ల నమోదు చేసినా) ఆ అబ్బాయి పేరే పడుతున్నది. కమిట్ కొడితే ఏదో నల్లటి తెర వస్తున్నది, పిల్లలు దాంట్లకెళ్లి బయటపడలేకపోతున్నరు. ఒక్క లైను మారిస్తే ఫైలంతా మారినట్టు చూపిస్తున్నది. పుల్ కొట్టినంక (పక్కోళ్ల మార్పులు తెచ్చుకున్నంక) కొందరికి తాము ఏ బ్రాంచ్‌ల (పని శాఖల) ఉన్నరో తెలుస్తలేదు. తెలుగు పేరున్న ఫైళ్లు అంకెల్లాగ కనబడుతున్నయి. కొత్తగ నేర్చుకునేటోళ్లకు ఏం సెట్టింగులు పెట్టాలె? ఆ 60 లైన్లల్ల ఏవి ఉంచాలె, ఏవి తీసెయ్యాలె?

జవాబు: ఒక్కటి కూడా ఉంచకండి. ఆ ఫైల్‌ను మొత్తంగా పక్కన పెట్టి, ఎనిమిది లైన్లతో కొత్తగా మొదలుపెట్టండి. ఆ అబ్బాయి ఫైల్‌లో తప్పేమీ లేదు. రోజంతా గిట్ వాడేవాళ్లు నాలుగు ఆదేశాలు కొట్టే చోట ఒకటితో పని జరగాలని, గిట్ మాటిమాటికీ అడగకూడదని సెట్టింగులు పెట్టుకుంటారు. ఏదైనా తేడా వస్తే వెనక్కి ఎలా రావాలో వాళ్లకు తెలుసు. మీ పిల్లలకు కావలసింది సరిగ్గా దీనికి తిరగేసి: అనుమానం ఉన్న ప్రతి చోటా గిట్ ఆగి అడగాలి, ఊహించి ముందుకు పోకూడదు. కింది ఎనిమిదిలో ముఖ్యమైనవన్నీ ఈ లెక్కనే ఎంచినవి.

ఆదేశాలను ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. చుక్కలు, రెండు గీతలు చూపిన చోటే రావాలి.

గిట్ సెట్టింగులు మూడు అంతస్తుల్లో ఉంటాయి. మిషన్ మొత్తానికి సిస్టమ్, ఒక లాగిన్‌కు గ్లోబల్, ఒక్క ప్రాజెక్టు ఫోల్డర్‌కు లోకల్. ఒకే సెట్టింగ్ రెండు చోట్ల ఉంటే లోపలిది గెలుస్తుంది: సిస్టమ్ కన్నా గ్లోబల్, గ్లోబల్ కన్నా లోకల్. మీరు కాపీ చేసిన ఫైల్ గ్లోబల్‌ది. విండోస్‌లో అది సి డ్రైవ్, యూజర్స్, స్టూడెంట్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ‘.గిట్‌కాన్ఫిగ్’. దాన్ని చెరిపేయకుండా పేరు మార్చి ఉంచండి. ఆ తర్వాత ‘గిట్ కాన్ఫిగ్ --లిస్ట్ --షో-ఆరిజిన్’ కొడితే ఏ సెట్టింగ్ ఏ ఫైల్ నుంచి వస్తున్నదో లైనువారీగా చూపిస్తుంది. అందులో ఆ అబ్బాయి పేరు ఇంకా కనబడితే సిస్టమ్‌లోనో, ఆ ప్రాజెక్టు ఫోల్డర్‌లో లోకల్‌గానో పడి ఉందన్నమాట.

ల్యాబ్ అంతటికీ ఒకేలా ఉండాల్సినవి సిస్టమ్ అంతస్తులో పెట్టండి. పిల్లలు గ్లోబల్‌లో ఏం గెలికినా, ఆ ఫైల్ తీసేస్తే మీ సెట్టింగులు మళ్లీ పైకి వస్తాయి. విండోస్‌లో గిట్ బాష్‌ను (గిట్ ఆదేశాలు కొట్టే తెర) ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’తో తెరవండి, ఉబుంటులో ముందు ‘సుడో’ చేర్చండి. ప్రతి లైనూ ‘గిట్ కాన్ఫిగ్ --సిస్టమ్’తో మొదలవుతుంది, తర్వాత ఇవి:

యూజర్.యూజ్‌కాన్ఫిగ్‌ఓన్లీ ట్రూ
కోర్.ఎడిటర్ నోట్‌ప్యాడ్
పుల్.ఎఫ్ఎఫ్ ఓన్లీ
మెర్జ్.కాన్‌ఫ్లిక్ట్‌స్టైల్ డిఫ్3
కోర్.కోట్‌పాత్ ఫాల్స్
ఇనిట్.డిఫాల్ట్‌బ్రాంచ్ మెయిన్
ఫెచ్.ప్రూన్ ట్రూ
పుష్.ఆటోసెటప్‌రిమోట్ ట్రూ

మొదటిది పేరు గొడవకు మందు. అందరూ ఒకే లాగిన్ వాడే చోట పేరు, ఈమెయిల్ గ్లోబల్‌లో పెట్టనే కూడదు. పెడితే పొద్దున బ్యాచ్‌లో మొదట కూర్చున్న వాళ్ల పేరు మీద సాయంత్రం దాకా కమిట్లు పడతాయి. అలాగని ఖాళీగా వదిలేస్తే, గిట్ కొన్నిసార్లు లాగిన్ పేరు, మిషన్ పేరు కలిపి తానే ఒక ఈమెయిల్ అల్లేస్తుంది. ‘యూజ్‌కాన్ఫిగ్‌ఓన్లీ’ ట్రూ ఉంటే ఆ అల్లిక కుదరదు. పేరు, ఈమెయిల్ ఇచ్చేదాకా కమిట్ పడదు. ప్రాజెక్టు క్లోన్ చేసిన (సొంత ప్రతి దించుకున్న) వెంటనే ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి ‘గిట్ కాన్ఫిగ్ యూజర్.నేమ్’ తర్వాత పేరు, ‘గిట్ కాన్ఫిగ్ యూజర్.ఈమెయిల్’ తర్వాత ఈమెయిల్ ఇవ్వాలి. మధ్యలో ‘--గ్లోబల్’ అనే మాట రాకూడదు. ఇంటర్నెట్‌లో దొరికే ప్రతి పాఠంలో ఆ మాట ఉంటుంది కాబట్టి ఇది బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి ఉంచండి. పేరు తెలుగులో పెట్టుకున్నా గిట్‌కు అభ్యంతరం లేదు. ఈమెయిల్ మాత్రం గిట్‌హబ్ (గిట్ ప్రాజెక్టులను ఆన్‌లైన్‌లో ఉంచే సైట్) ఖాతాలో ఉన్నదే కావాలి, లేకపోతే కమిట్ ఆ ఖాతాకు చేరదు. సొంత ఈమెయిల్ బయటపడొద్దనుకుంటే గిట్‌హబ్ ఇచ్చే ‘నోరిప్లై’ చిరునామా వాడుకోవచ్చు.

ఇప్పటికే ఆ అబ్బాయి పేరుతో పడ్డ కమిట్ల సంగతి: ఇంకా పుష్ చేయనిది (గిట్‌హబ్‌కు పంపనిది), చివరిది ఒక్కటే అయితే పేరు సరిచేసుకుని ‘గిట్ కమిట్ --అమెండ్ --రీసెట్-ఆథర్’ కొడితే సరిపోతుంది. పుష్ అయిపోయినవి వదిలేయండి. ‘.మెయిల్‌మ్యాప్’ అనే ఫైల్‌తో పేర్లు సరిగ్గా చూపించవచ్చని ఎవరైనా చెప్పవచ్చు. అది ఒక తప్పు పేరును ఒక సరైన పేరుకు మారుస్తుందే గానీ, ఒకే పేరు వెనక ఉన్న ముప్పై మందిని విడదీయలేదు. చరిత్ర తిరగరాస్తే క్లోన్ చేసుకున్న ప్రతి ఒక్కరి దగ్గరా కొత్త చిక్కు మొదలవుతుంది. మార్కులకు ఎవరు ఏం చేశారో కావాలంటే పిల్లలనే అడగడం మేలు.

మీరు అడగలేదు గానీ, ఒకే లాగిన్‌తో ఇంకో పెద్ద ప్రమాదం ఉంది. విండోస్ గిట్‌తో వచ్చే క్రెడెన్షియల్ మేనేజర్, మొదట గిట్‌హబ్‌లోకి లాగిన్ అయిన పిల్ల అనుమతిని ఆ మిషన్‌లో దాచేస్తుంది. తర్వాత కూర్చున్న అబ్బాయి పుష్ కొడితే అది ఆ అమ్మాయి ఖాతాతో వెళ్తుంది. అతని ప్రాజెక్టులో ఆమెకు హక్కు లేకపోతే 403 (అనుమతి లేదు) అనే తప్పు, ఉంటే ఆమె చేసినట్టే లెక్క. పేరు సెట్టింగ్‌కూ దీనికీ సంబంధం లేదు: కమిట్ మీద పడే పేరు వేరు, పుష్ చేసే ఖాతా వేరు. వీలైతే విండోస్‌లో బ్యాచ్‌కు కాదు, మనిషికొక లాగిన్ చేయించండి, పైన చెప్పిన సగం బాధలు దాంతోనే పోతాయి. కాదంటే పీరియడ్ ముగిశాక కంట్రోల్ ప్యానెల్, క్రెడెన్షియల్ మేనేజర్, విండోస్ క్రెడెన్షియల్స్‌లో ‘గిట్:’తో మొదలయ్యే గిట్‌హబ్ వరుసను తీసేయడం అలవాటు చేయండి. ఉబుంటులో ‘క్రెడెన్షియల్.హెల్పర్’కు ‘స్టోర్’ పెట్టొద్దు, అది టోకెన్‌ను (పాస్‌వర్డ్ బదులు గిట్‌హబ్ ఇచ్చే రహస్య కోడ్) మామూలు అక్షరాల్లో ఫైల్‌లో రాసి పెడుతుంది. ‘క్యాష్’ పెడితే 900 సెకన్లు, అంటే పావుగంట గుర్తుంచుకుని మరిచిపోతుంది. ఖాతా పాస్‌వర్డ్ కొడితే పనిచేయడం లేదని పిల్లలు అంటే కంగారు పడకండి. 2021 ఆగస్టు 13 నుంచి గిట్‌హబ్ ఆ దారి మూసేసింది, టోకెన్ గానీ ఎస్ఎస్‌హెచ్ కీ గానీ కావాలి.

నల్లటి తెర విమ్ అనే ఎడిటర్. ఇరుక్కున్నప్పుడు ఎస్కేప్ నొక్కి, కోలన్, డబ్ల్యూ, క్యూ కొట్టి ఎంటర్ నొక్కితే సేవ్ అయి బయటికి వస్తుంది. సేవ్ వద్దంటే కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం. పిల్లలు ఇంటూ గుర్తు నొక్కి విండో మూసేస్తే కమిట్ పడదు సరికదా, ‘.గిట్’ ఫోల్డర్‌లో స్వాప్ ఫైల్ మిగిలిపోయి మరుసటి సారి ఇంకో హెచ్చరిక తెర ఎదురవుతుంది. అందుకే విండోస్‌లో నోట్‌ప్యాడ్, ఉబుంటులో ఆ లైనులో నోట్‌ప్యాడ్ బదులు నానో. విఎస్ కోడ్ కావాలంటే విలువగా ‘కోడ్ --వెయిట్’ ఇవ్వాలి. వెయిట్ మరిచిపోతే గిట్ ఎడిటర్ కోసం ఆగదు, సందేశం ఖాళీగా ఉందని కమిట్ రద్దు చేస్తుంది. పిల్లలేమో అక్కడ తీరిగ్గా సందేశం రాస్తూ ఉంటారు!

ఫైలంతా మారినట్టు చూపడానికి కారణం లైను చివరి గుర్తులు. విండోస్‌లో లైను ముగింపుకు రెండు గుర్తులు, సీఆర్, ఎల్ఎఫ్. ఉబుంటులో ఎల్ఎఫ్ ఒక్కటే. కంటికి రెండూ ఒకటే, గిట్‌కు మాత్రం ప్రతి లైనూ వేరు. విండోస్ గిట్ ఇన్‌స్టాలర్ మామూలుగా ‘కోర్.ఆటోసీఆర్ఎల్ఎఫ్’ను ట్రూగా పెట్టి, కమిట్‌లోకి ఎల్ఎఫ్ మాత్రమే వెళ్లేలా చూస్తుంది. మీరు కాపీ చేసిన ఫైల్‌లో అది ఫాల్స్‌గా ఉండి ఉంటుంది. గ్లోబల్ గెలుస్తుంది కాబట్టి విండోస్ గుర్తులు యథాతథంగా లోపలికి పోయాయి. దీన్ని మిషన్ల మీద సెట్టింగ్‌తో సరిచేయకండి. పిల్లలు ఇంటి దగ్గర, పరకాలలోనో నర్సంపేటలోనో సొంత ల్యాప్‌టాప్‌లో పనిచేస్తే మీ సెట్టింగ్ అక్కడిదాకా పోదు. ప్రాజెక్టుతోపాటే ప్రయాణించే ‘.గిట్‌ఆట్రిబ్యూట్స్’ ఫైల్‌లో రాయండి. మొదటి లైను: నక్షత్రం గుర్తు, ఒక ఖాళీ, ‘టెక్స్ట్=ఆటో’. రెండో లైను షెల్ స్క్రిప్టులకు: ‘*.ఎస్‌హెచ్ టెక్స్ట్ ఈఓఎల్=ఎల్ఎఫ్’. ఇది లేకపోతే విండోస్‌లో తెరిచిన స్క్రిప్ట్‌ను ఉబుంటులో నడిపినప్పుడు ‘బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్’ అని, బాష్ పేరు పక్కన వింతగా ఎం అక్షరంతో తప్పు వస్తుంది. బ్యాచ్ ఫైళ్లుంటే వాటికి ‘ఈఓఎల్=సీఆర్ఎల్ఎఫ్’.

ఉన్న ప్రాజెక్టులను శుభ్రం చేసే వరుస ముఖ్యం. ముందు టీమ్‌లో అందరూ తమ పని కమిట్ చేసి పుష్ చేయాలి. తర్వాత ఒక్కరే తాజా ప్రతి తీసుకుని, ‘.గిట్‌ఆట్రిబ్యూట్స్’ ఫైల్ చేర్చి, ‘గిట్ యాడ్ --రీనార్మలైజ్’ కొట్టి (చివర ఖాళీ, చుక్క మరవొద్దు), ఆ ఫైల్‌ను కూడా యాడ్ చేసి, అన్నీ ఒకే కమిట్‌గా చేసి పుష్ చేయాలి. మిగతావాళ్లు అప్పుడు పుల్ చేయాలి. ఎవరైనా ఒకరు తమ పని దగ్గర పెట్టుకుని ఉంటే, వాళ్లు ముట్టుకున్న ఫైళ్లన్నీ మొదటి లైను నుంచి చివరి లైను దాకా కాన్‌ఫ్లిక్ట్ (ఒకే చోట రెండు మార్పుల ఢీ) అవుతాయి. అయిందో లేదో చూడటానికి ‘గిట్ ఎల్ఎస్-ఫైల్స్ --ఈఓఎల్’. ప్రతి ఫైల్ పక్కన వచ్చే నిలువు వరుసల్లో ఐ, డబ్ల్యూ అనే రెండూ చూడండి: ఐ అంటే గిట్ లోపల ఉన్నది, డబ్ల్యూ అంటే మీ ఫోల్డర్‌లో ఉన్నది. డబ్ల్యూ దగ్గర సీఆర్ఎల్ఎఫ్ ఉన్నా పర్వాలేదు. ఐ దగ్గర సీఆర్ఎల్ఎఫ్ అని గానీ మిక్స్‌డ్ అని గానీ ఉంటే ఇంకా పని మిగిలి ఉంది.

పుల్ దగ్గర పిల్లలు తప్పిపోవడానికి ఆ అబ్బాయి పంపిన ఫైల్‌లో ‘పుల్.రీబేస్ ట్రూ’ ఉండటమే కారణం అయి ఉండాలి. రీబేస్ (మన కమిట్లను ఎదుటివాళ్ల కమిట్ల తర్వాత మళ్లీ పేర్చడం) మంచిదే, కానీ కాన్‌ఫ్లిక్ట్ వస్తే అది సగంలో ఆగుతుంది. ఆ సగంలో వాళ్లు ఏ బ్రాంచ్ మీదా ఉండరు. గిట్ బాష్‌లో ఫోల్డర్ పేరు పక్కన బ్రాకెట్లో ‘మెయిన్|రీబేస్ 1/2’ అని కనబడేది అదే. దానికి తోడు రీబేస్‌లో ‘అవర్స్’ అంటే ఎదుటివాళ్లది, ‘దెయిర్స్’ అంటే మనది, తారుమారుగా. మొదటి నెలలోనే ఇది నేర్పడం అన్యాయం. ఇప్పుడు ఇరుక్కున్నవాళ్లు ‘గిట్ రీబేస్ --అబార్ట్’ కొడితే పుల్‌కు ముందున్న చోటికి వస్తారు.

‘పుల్.ఎఫ్ఎఫ్ ఓన్లీ’ పెడితే, మన దగ్గర కొత్త కమిట్లేమీ లేనప్పుడు పుల్ హాయిగా సాగుతుంది. రెండు వైపులా కొత్తవి ఉంటే ఫాస్ట్-ఫార్వర్డ్ (నేరుగా ముందుకు జరగడం) కుదరదని చెప్పి ఆగుతుంది. మన ఫైళ్లను ముట్టుకోదు. అప్పుడు చేయాల్సింది: మారినవి కమిట్ చేయడం, ‘గిట్ మెర్జ్ ఆరిజిన్/మెయిన్’ కొట్టి రెండు వైపులనూ కలపడం. ఫెచ్ (కొత్త కమిట్లు దించుకోవడం) పుల్‌లోనే జరిగిపోయింది కాబట్టి మళ్లీ అక్కర్లేదు. బెడిసికొడితే ‘గిట్ మెర్జ్ --అబార్ట్’. అసలు ఏ సెట్టింగూ పెట్టకపోయినా 2.33 వెర్షన్ నుంచి గిట్ ఇలాంటి చోట ఆగుతుంది కదా అనవచ్చు. ఆగుతుంది గానీ పెద్ద సందేశంలో మూడు దారులు చూపిస్తుంది, పిల్లలు అర్థం చేసుకోకుండా మొదటిది కాపీ చేస్తారు. ఆ మిషన్ ఆరోజు నుంచి మిగతా వాటికి భిన్నంగా ప్రవర్తిస్తుంది.

డిఫ్3 విలువ కాన్‌ఫ్లిక్ట్ వచ్చినప్పుడే తెలుస్తుంది. ఎనుమాముల మార్కెట్ మిర్చి లెక్కల మీద ఇద్దరు ప్రాజెక్టు చేస్తున్నారనుకోండి. మామూలు పద్ధతిలో గిట్ రెండు ముక్కలే చూపిస్తుంది: ఒకవైపు ‘బస్తా_బరువు = 45’, ఇంకోవైపు ‘సంచి_బరువు = 40’. ఏది ఉంచాలి? ఏది ఉంచినా తప్పే. డిఫ్3 పెడితే మధ్యలో పాతది కూడా వస్తుంది: ‘బస్తా_బరువు = 40’. ఇప్పుడు చూడగానే తెలుస్తుంది, ఒకరు అంకె మాత్రమే మార్చారు, ఇంకొకరు పేరు మాత్రమే మార్చారు. రావాల్సింది ‘సంచి_బరువు = 45’, అది మూడింట్లో ఎక్కడా లేదు. పాతది చూపకుండా పిల్లలను కాన్‌ఫ్లిక్ట్ తీర్చమంటే బొమ్మా బొరుసా ఆటే. ‘జెడ్‌డిఫ్3’ అని ఇంకా పొదుపుగా చూపేది ఉంది, అది 2.35 వెర్షన్‌లో వచ్చింది. ఉబుంటు 22.04తో వచ్చే గిట్ 2.34.1. అక్కడ జెడ్‌డిఫ్3 పెడితే ఆ స్టైల్ తెలియదని తప్పు చూపి మెర్జ్ చేయనంటుంది. అందుకే రెండు రకాల మిషన్లున్న మీ ల్యాబ్‌కు డిఫ్3యే.

తెలుగు పేర్ల సంగతి. ‘మిర్చి’ అని మొదలయ్యే ఫైల్ పేరును ‘గిట్ స్టేటస్’ ‘\340\260\256\340\260\277’ అంటూ చూపిస్తుంది. మొదటి మూడు అంకెల గుంపులు మ, తర్వాతి మూడు గుడి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు, ఆ బైట్లను గిట్ ఎనిమిది ఆధారంగా లెక్కించి రాస్తున్నది. ఇది ఆ అబ్బాయి తప్పు కాదు, గిట్ మామూలు పద్ధతే. ‘కోర్.కోట్‌పాత్ ఫాల్స్’ పెడితే పేరు తెలుగులోనే వస్తుంది. టెర్మినల్‌లో గుణింతాలు, ఒత్తులు సరిగ్గా అతుక్కోకపోవచ్చు. అది తెర చూపించే తీరే, ఫైల్‌కు ఏమీ కాలేదు.

మిగతా మూడూ చిన్నవే. ఇనిట్ దగ్గర మెయిన్ అని పెట్టకపోతే మిషన్లో మాస్టర్, గిట్‌హబ్‌లో మెయిన్ అయి ‘రెఫ్‌స్పెక్ మెయిన్ దొరకలేదు’ అన్న తప్పుతో మొదటి పుష్‌లోనే ఒక పీరియడ్ పోతుంది. ప్రూన్, గిట్‌హబ్‌లో తీసేసిన బ్రాంచ్‌ల పేర్లు ఇక్కడ పేరుకుపోకుండా చూస్తుంది. ఆటోసెటప్‌రిమోట్ 2.37 నుంచి పనిచేస్తుంది, కొత్త బ్రాంచ్ మొదటి పుష్‌కు పొడుగాటి ఆదేశం అక్కర్లేదు. మీ ఉబుంటు మిషన్లు దాన్ని పట్టించుకోవు, అపకారమూ చేయవు. అక్కడ గిట్ తానే చూపించే ‘--సెట్-అప్‌స్ట్రీమ్’ ఆదేశాన్ని కాపీ చేసుకుంటే చాలు.

ఆ 60 లైన్లలో ఊరించేవి కొన్ని ఉంటాయి, తిరిగి తెచ్చుకోకండి. అలియాస్‌లు (ఆదేశాలకు పెట్టుకునే పొట్టి పేర్లు) ముందు. ‘సీఓ’, ‘ఎస్‌టీ’ అని నేర్చుకున్న పిల్ల ఇంకో మిషన్ ముందు కూర్చుంటే చేతులు కట్టేసినట్టే. ‘రీరీరీ’ ఒకసారి తీర్చిన కాన్‌ఫ్లిక్ట్‌ను గుర్తుంచుకుని మళ్లీ అదే పరిష్కారం వేస్తుంది. కొత్తవాళ్లు మొదటిసారి తప్పుగా తీరుస్తారు, అది తప్పునే మళ్లీ మళ్లీ వేస్తుంది. ఫోర్స్ పుష్‌కు చిన్న పేరేదైనా పెట్టి ఉంటే అది అన్నింటికన్నా చెడ్డది, పక్కవాళ్ల కమిట్లను మాట్లాడకుండా తుడిచేస్తుంది. గిట్‌హబ్‌లో మెయిన్ బ్రాంచ్‌కు ప్రొటెక్షన్ పెడితే ఫోర్స్ పుష్ అక్కడే ఆగుతుంది, పబ్లిక్ రిపాజిటరీలకు (అందరికీ కనిపించే గిట్ ప్రాజెక్టులకు) ఉచిత ఖాతాలోనూ ఇది దొరుకుతుంది.

‘.గిట్‌ఇగ్నోర్’ను (గిట్ వదిలేయాల్సిన ఫైళ్ల జాబితా) కూడా ప్రాజెక్టులోనే, మొదటి కమిట్‌కు ముందే పెట్టించండి. నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్, పైథాన్ క్యాష్ ఫోల్డర్, జావా క్లాస్ ఫైళ్లు, ‘.ఎన్వ్’ ఫైల్ అందులో ఉండాలి. ఒకసారి కమిట్ అయిన ఫైల్‌ను తర్వాత ఇందులో రాసినా గిట్ వదలదు. ‘గిట్ ఆర్ఎం --క్యాష్డ్’తో తీసి కమిట్ చేయాలి. ‘.ఎన్వ్’లో ఏపీఐ కీ ఉండి పుష్ అయిపోతే మాత్రం తీసినా లాభం లేదు, చరిత్రలో ఉంటుంది. ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవాల్సిందే. 100 ఎంబీ దాటిన ఫైల్‌ను గిట్‌హబ్ తీసుకోదు. పిల్లలు వీడియో డెమోను అదే ఫోల్డర్‌లో పెట్టుకుంటారు కాబట్టి ముందే చెప్పండి.

పెన్‌డ్రైవ్‌లో రిపాజిటరీ తెచ్చుకునేవాళ్లకు ‘డ్యూబియస్ ఓనర్‌షిప్’ అనే తప్పు వస్తుంది. ఆ ఫోల్డర్ ఎవరిదో ఫైల్ సిస్టమ్ చెప్పలేకపోవడమే కారణం. ‘సేఫ్.డైరెక్టరీ’కి నక్షత్రం పెట్టేస్తే పోతుందని వెతగ్గానే దొరుకుతుంది. పెట్టొద్దు, అది ఆ కాపలాను పూర్తిగా తీసేయడమే. పెన్‌డ్రైవ్ మానేసి ఇంట్లో పుష్, ల్యాబ్‌లో పుల్ చేయమనండి.

ముందు ఒక్క విండోస్ మిషన్, ఒక్క ఉబుంటు మిషన్ మీద పెట్టి చూడండి. కొత్త ఫోల్డర్‌లో ‘గిట్ ఇనిట్’ చేసి, తెలుగు పేరుతో ఒక ఫైల్ పెట్టి, పేరు, ఈమెయిల్ ఇవ్వకుండా కమిట్ కొట్టండి. కమిట్ పడితే ఏదో ఫైల్‌లో పాత పేరు ఇంకా ఉంది, షో-ఆరిజిన్‌తో వెతకండి. పడకుండా ఈమెయిల్ ఇవ్వలేదని ఆగితే మిగతా 28 మిషన్లకు వెళ్లవచ్చు.